జట్టు గెలుపులో కోచ్ వంతు ఎంత?

వేసవి వచ్చినదంటే ఉప్పల్‌లో క్రికెట్ తిరునాళ్ళు మొదలవుతాయి. సాయంత్రమయ్యేసరికి మెట్రో రైలు పెట్టెలన్నీ ‘స్టేడియం’ అనే స్టేషనులో ఖాళీ అవుతాయి. నాచారం కార్ఖానాలలో పగటి పని ముగించుకొన్నవారు, హబ్సిగూడ, రామంతాపురం విద్యార్థులు ఒకే దారిన నడుస్తుంటారు. మరునాటి ఉదయం టీ దుకాణాలలో తీర్పు చెప్పబడుతుంది. జట్టు గెలిస్తే ‘కోచ్ గొప్పవాడు’ అంటారు; ఓడితే ‘కోచ్‌ను మార్చవలె’ నంటారు. మార్చిన మరుసటి ఏడు జట్టు గెలిస్తే, ‘చూచితిరా, మేము చెప్పలేదా!’ అంటారు.

ఈ తీర్పులో శాస్త్రీయత ఎంత? కాకి వాలినది, తాటిపండు రాలినది. కాకి బరువుకే పండు రాలినదా, లేక రాలబోయే పండు మీదనే కాకి వాలినదా? కాకతాళీయమనే మాట మన పెద్దలు ఈ సందేహం నుంచే పుట్టించినారు. దానిని అంకెలతో పరిశీలించే శాస్త్రమే గణాంకశాస్త్రం. ఉప్పల్ మైదానాన్ని సొంతగడ్డగా చేసుకొన్న రెండు ఐ.పి.ఎల్. జట్ల చరిత్ర దీనికి చక్కని ఉదాహరణ.

ఉప్పల్ చెప్పే కథ

మొదటి జట్టు డెక్కన్ చార్జర్స్. 2008లో రాబిన్ సింగ్ కోచ్‌గా ఉండగా ఆ జట్టు 14 ఆటలలో రెండు మాత్రమే గెలిచి, ఎనిమిది జట్లలో ఎనిమిదవదిగా నిలిచినది. ఉప్పల్‌లో ఒక్క ఆట కూడ గెలువలేదు. 2009లో ఆస్ట్రేలియాకు చెందిన డారెన్ లీమన్ కోచ్ అయినాడు. ఆ సంవత్సరమే జట్టు కప్పు గెలిచినది. అట్టడుగునుండి శిఖరానికి! కోచ్ మహిమకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలె ననిపిస్తుంది.

కాని మారినది కోచ్ ఒక్కడేనా? లక్ష్మణ్ స్థానంలో గిల్‌క్రిస్ట్ పూర్తికాలపు నాయకుడైనాడు. కొత్త ఆటగాళ్లు వచ్చినారు. మన దేశంలో ఎన్నికలున్నందున పోటీ మొత్తం దక్షిణాఫ్రికాకు తరలిపోయినది. అక్కడి పిచ్‌లు వేరు. అంతకు ముందు నుంచీ జట్టులో ఉన్న ఆర్.పి. సింగ్ ఆ ఏడు 23 వికెట్లు తీసి బౌలర్లందరిలో మొదటివాడైనాడు. ఇన్ని కారణాలు ఒకేసారి మారినప్పుడు ఫలితాన్ని ఒక్కదానికే కట్టబెట్టుట, నాలుగు మందులు కలిపి మింగి, జ్వరం తగ్గినది మూడవ మందు వల్లనే అని చెప్పుట వంటిది.

ఇక తరువాతి కథ వినండి. అదే లీమన్ 2010, 2011, 2012 సంవత్సరాలలో కూడ కోచ్‌గా ఉన్నాడు. 2010లో జట్టు సెమీఫైనల్ చేరినది. 2011లో పది జట్లలో ఏడవది. 2012లో తొమ్మిది జట్లలో ఎనిమిదవది. కోచ్ అతడే, ఫలితాలు నాలుగు విధాలు.

2013లో చార్జర్స్ స్థానంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ వచ్చినది. దాని లీగు దశ లెక్కలు ఇవి:

2013 – టామ్ మూడీ – 16 ఆటలలో 10 గెలుపులు – ప్లేఆఫ్
2014 – టామ్ మూడీ – 6 గెలుపులు – 6వ స్థానం
2015 – టామ్ మూడీ – 7 గెలుపులు – 6వ స్థానం
2016 – టామ్ మూడీ – 8 గెలుపులు – ప్లేఆఫ్, విజేత
2017 – టామ్ మూడీ – 8 గెలుపులు – ప్లేఆఫ్
2018 – టామ్ మూడీ – 9 గెలుపులు – ప్లేఆఫ్, ఫైనల్‌లో ఓటమి
2019 – టామ్ మూడీ – 6 గెలుపులు – ప్లేఆఫ్
2020 – ట్రెవర్ బేలిస్ – 7 గెలుపులు – ప్లేఆఫ్
2021 – ట్రెవర్ బేలిస్ – 3 గెలుపులు – 8వ స్థానం
2022 – టామ్ మూడీ – 6 గెలుపులు – 8వ స్థానం
2023 – బ్రయన్ లారా – 4 గెలుపులు – 10వ స్థానం
2024 – డేనియల్ వెటోరి – 8 గెలుపులు – ప్లేఆఫ్, ఫైనల్‌లో ఓటమి
2025 – డేనియల్ వెటోరి – 6 గెలుపులు – 6వ స్థానం

మొదటి సంవత్సరం తప్ప మిగిలినవన్నీ 14 ఆటల లీగులే. వర్షాదుల వలన ఫలితం తేలని ఆటలు కొన్ని సంవత్సరాలలో ఒక్కొక్కటి కలవు.

ఈ పట్టికను తొందరపడక చదవండి. 2015లో ఏడు గెలిచిన జట్టు ఇంటికి పోయినది. 2019లో ఆరే గెలిచిన జట్టు, నెట్ రన్‌రేటు మేలుగా ఉన్నందున, ప్లేఆఫ్ చేరినది. అంతకు పదేండ్ల క్రితం, 2009లో, లీగులో ఏడే గెలిచిన చార్జర్స్ కప్పునే ఎత్తినది. ఆరు గెలుపులు ఒక ఏడు నాలుగవ స్థానం ఇచ్చినవి, రెండేండ్లు ఆరవ స్థానం, ఒక ఏడు ఎనిమిదవ స్థానం. అంటే స్థానమనేది మన జట్టు ఆటను మాత్రమే కాక, ఇతర జట్లు ఒకదానినొకటి ఎట్లు ఓడించుకొన్నవో దానిని కూడ బట్టి ఉంటుంది. దాని మీద ఏ కోచ్‌కూ అధికారం లేదు.

నాణెము చెప్పే మాట

ఇప్పుడు కోచ్‌ను, ఆటగాళ్లను కొంతసేపు మరచి, ఒక రూపాయి నాణెమును చేతిలోకి తీసుకొందాము. 14 సార్లు ఎగురవేసి, బొమ్మ పడితే గెలుపు, బొరుసు పడితే ఓటమి అనుకొందాము. సగటున ఏడు గెలుపులు రావలె. కాని ప్రతిసారీ సరిగా ఏడే రావు. ఎంత అటూ ఇటూ అవుతాయో చెప్పే కొలతకు ప్రామాణిక విచలనమని పేరు. నాణెము విషయంలో అది ఆటల సంఖ్యకు వర్గమూలంలో సగం. 14కు వర్గమూలం సుమారు 3.74; అందులో సగం 1.87. కాబట్టి అయిదు మొదలు తొమ్మిది వరకు గెలుపులు రావటం నాణెమునకు అతి సహజం. తొమ్మిదో అంతకు మించియో గెలిచే సంభావ్యత నూటికి 21.

టామ్ మూడీ కాలంలో 2014 నుంచి 2019 వరకు వచ్చిన గెలుపులు చూడండి: 6, 7, 8, 8, 9, 6. సగటు సుమారు 7.33. వీటి ప్రామాణిక విచలనం కట్టితే సుమారు 1.11 వస్తుంది. నాణెపు 1.87 కంటె ఇది తక్కువే! ఆ ఆరేండ్లలో ‘ఈ ఏడు అద్భుతం’, ‘ఈ ఏడు ఘోరం’ అని మనము చెప్పుకొన్న ఒడిదుడుకులు, కనుపాపలు లేని నాణెము చూపే ఒడిదుడుకులకు మించినవి కావు. జట్టు బలం ఏటేటా మారలేదని ఇది రుజువు చేయదు. మారినదని చెప్పుటకు ఈ అంకెలు చాలవని మాత్రం చెప్పుతుంది. శాస్త్రంలో ఈ రెండు మాటలకు చాలా భేదం ఉన్నది.

2023లో వచ్చిన నాలుగు గెలుపుల సంగతి ఏమి? సమానబలం గల జట్టు 14లో నాలుగో అంతకు తక్కువో గెలిచే సంభావ్యత నూటికి తొమ్మిది. పోటీలో పది జట్లున్నవి. పదీ సరిసమానమే అయినా, వాటిలో సుమారు ఒక జట్టుకు ప్రతి ఏడు ఈ గతి పట్టుతుంది. ఆ ఒక్క అంకెను పట్టుకొని, వెస్టిండీస్ మహాబ్యాట్స్‌మన్ లారా కోచ్‌గా పనికిరాడని తీర్పు చెప్పటం నాణెముతో వాదించటం వంటిది.

2008 నాటి రెండు గెలుపులు మాత్రం వేరు. సమానబలం గల జట్టుకు అట్లు జరుగుట సుమారు 155 సార్లలో ఒకసారి. అందుచేత ఆనాటి చార్జర్స్ నిజంగానే బలహీనంగా ఉన్నదనుట న్యాయం. కాని అంతగా దిగజారుటలో దురదృష్టానికి కూడ పాలు ఉండవచ్చును. ఆ జట్టు ఒక్కొక్క ఆట గెలిచే అవకాశం నూటికి 35 అనుకొన్నా సగటున అయిదు గెలుపులు రావలె. అంటే మరుసటి ఏడు ఏమీ మార్చకుండ కూర్చున్నా రెండు కాస్తా అయిదు కావటానికి అవకాశమున్నది.

అట్టడుగు తరువాత ఎక్కుడే

పై మాటలోనే ఈ విషయమంతటికీ కీలకం ఉన్నది. జట్ల యజమానులు కోచ్‌ను ఎప్పుడు మారుస్తారు? జట్టు బాగా ఆడిన ఏడు కాదు, అతి తక్కువగా ఆడిన ఏడు. అతి తక్కువ ఫలితంలో సాధారణంగా రెండు పాళ్లుంటాయి: ఒకటి నిజమైన బలహీనత, రెండవది ఆనాటి దురదృష్టం. బలహీనత మరుసటి ఏడు కూడ మిగిలి ఉండవచ్చును. దురదృష్టం మాత్రం అదే పరిమాణంలో మళ్లీ రావలెనని లేదు. కాబట్టి కొత్త కోచ్ ఎవరైనా, అసలు కోచే లేకపోయినా, ఫలితం సగటు వైపుకు తిరిగి రావటం సహజం.

ఈ ధర్మాన్ని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల, బిడ్డల ఎత్తులను పోల్చి వివరించినాడు. మిక్కిలి పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వారికంటె కొంచెం పొట్టిగాను, మిక్కిలి పొట్టివారి పిల్లలు వారికంటె కొంచెం పొడవుగాను ఉండటం గమనించినాడు. దీనినే సగటుకు ప్రతిగమనం అంటారు.

2024లో సన్‌రైజర్స్ పదవ స్థానంనుంచి ఫైనల్ దాకా ఎక్కినది. ఉప్పల్‌లో ముంబాయిపై 277, బెంగుళూరులో ఆ ఊరి జట్టుపైననే 287 పరుగులు చేసి ఆనాటి రికార్డులు తిరగవ్రాసినది. కొత్త కోచ్ వెటోరికి కొంత ఖ్యాతి దక్కవలసిందే. అయితే అంతకు ముందు డిసెంబరు వేలంలో 20.50 కోట్లకు పాట్ కమిన్స్, 6.80 కోట్లకు ట్రావిస్ హెడ్ వచ్చినారు. కమిన్స్‌కు నాయకత్వం ఇచ్చినారు. ప్రతిగమనం ఎటూ ఉన్నది. 2025లో అదే వెటోరి, అదే కమిన్స్, అదే హెడ్ ఉన్నా ఆరు గెలుపులే వచ్చినవి. కోచ్‌లో ఒక్క ఏడాదిలో తెలివి తగ్గిపోయినదనుకొందామా?

మూడీ 2022లో తిరిగి వచ్చిన ఉదాహరణ మరింత నేర్పుతుంది. ఏడేండ్లలో అయిదుసార్లు ప్లేఆఫ్ చేర్చిన చెయ్యి అదే. కాని వార్నర్ ఢిల్లీకి, రషీద్ ఖాన్ గుజరాత్‌కు వెళ్లిపోయినారు. ఫలితం ఎనిమిదవ స్థానం. వంటవాడు అతడే, వంటగదిలో సరకులు మారినవి.

ప్లేఆఫ్ అనే జల్లెడ

లీగులో 14 ఆటలున్నవి. ప్లేఆఫ్‌లో కప్పు గెలుచుటకు రెండు మూడు ఆటలు చాలును. నాలుగు జట్లూ సమానమైతే, మొదటి రెండు స్థానాలవారికి కప్పు దక్కే సంభావ్యత చెరి 3/8. వారికి ఒక ఓటమిని ఓర్చుకొనే వీలు ఉన్నది. మూడు, నాలుగు స్థానాలవారు వరుసగా మూడు ఆటలు గెలువవలె. వారి సంభావ్యత చెరి 1/8. 2016లో సన్‌రైజర్స్ మూడవ స్థానంనుంచి వచ్చి, ఆ మూడు ఆటలూ గెలిచి, ఫైనల్‌లో బెంగుళూరును ఎనిమిది పరుగుల తేడాతో ఓడించినది. 2009 ఫైనల్‌లో చార్జర్స్ గెలిచిన తేడా ఆరు పరుగులు. ఆరు పరుగులంటే ఒక్క సిక్సర్. బౌండరీ దగ్గర బంతి రెండు గజాలు ఎక్కువ పోయి ఉంటే అవే కోచ్‌ల పేర్లు మనకు వేరు విధంగా గుర్తుండేవి.

బాస్కెట్‌బాల్ నేర్పే పాఠం

ఇదే ప్రశ్న అమెరికాలో బాస్కెట్‌బాల్ కోచ్‌ల విషయంలో చాలాకాలంగా చర్చలో ఉన్నది. అక్కడి ఎన్.బి.ఏ. పోటీ ఇట్టి పరిశీలనకు మనకంటె అనువైనది. ఒక్కొక్క జట్టు సాధారణంగా 82 ఆటలు ఆడుతుంది. ప్లేఆఫ్‌లో ప్రతి దశలోను ఏడింటిలో నాలుగు గెలిచినవారే ముందుకు పోతారు. ఒక్క ఆటలో గెలిచే అవకాశం నూటికి 60 ఉన్న జట్టుకు, ఏడు ఆటల పందెంలో అది నూటికి 71 అవుతుంది. ఆటలు పెరిగిన కొలది అదృష్టం పలుచబడి బలం పైకి తేలుతుంది. పైగా అక్కడ కోర్టులో ఉండేది అయిదుగురే. కోచ్ ఆట మధ్యలో విరామం అడిగి, మనుషులను ఎన్నిసార్లయినా మార్చవచ్చును. క్రికెట్‌లో బంతి పడినాక నిర్ణయం చాలవరకు నాయకుడిదే. కాబట్టి కోచ్ ప్రభావం కనబడవలెనంటే బాస్కెట్‌బాల్‌లోనే ముందుగా కనబడవలె.

ఫిల్ జాక్సన్ పదకొండుసార్లు కప్పు గెలిపించిన కోచ్. షికాగో బుల్స్‌తో ఆరు, లాస్ ఏంజెలిస్ లేకర్స్‌తో అయిదు. అతని వద్ద మహా ఆటగాళ్లుండినారు కనుక ఇందులో అతని గొప్ప ఏమిటని కొందరంటారు. దీనికి ప్రకృతియే రెండు ప్రయోగాలు చేసి పెట్టినది. 1993లో మైకెల్ జోర్డాన్ ఆట విరమించినాడు. బుల్స్ ముందటి ఏడు 57 ఆటలు గెలిచినది. అతడు లేని ఏడు 55 గెలిచినది. కాని ప్లేఆఫ్ రెండవ దశలో ఓడినది. రెండవది లేకర్స్ కథ. ఓనీల్, కోబీ బ్రయంట్ ఇద్దరూ ఉన్నప్పటికీ 1998–99లో జట్టు 50లో 31 గెలిచి, ప్లేఆఫ్ రెండవ దశలో ఒక్క ఆటయినా గెలువకుండ శాన్ ఆంటోనియో చేతిలో నిష్క్రమించినది. మరుసటి ఏడు జాక్సన్ వచ్చినాడు. 82లో 67 గెలిచి కప్పు తెచ్చినది. ప్రధాన ఆటగాళ్లు వారే. ఇంతటి మార్పును నాణెపు ఒడిదుడుకులతో మాత్రమే వివరించుట కష్టం. ఇట్టి చోటనే కోచ్ వంతు కంటికి ఆనుతుంది.

అయితే ఇట్టివి అరుదు. అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు డేవిడ్ బెర్రీ తన సహచరులతో కలిసి 2009లో ఒక పరిశీలన ప్రకటించినాడు. జట్టు గెలిచినదా అని కాక, ఒక్కొక్క ఆటగాడు ఒక కోచ్ వద్దకు వచ్చిన తరువాత అతని ఆట మెరుగుపడినదా అని వారు చూచినారు. అత్యధిక కోచ్‌ల విషయంలో స్పష్టమైన తేడా కానరాలేదు. కొద్దిమంది విషయంలో మాత్రం కనబడినది. వారిలో జాక్సన్ ఒకడు.

ఎన్ని ఏండ్లు చూడవలె?

ఒక మంచి కోచ్ వలన ఏటికి ఒక ఆట ఎక్కువ గెలుస్తామనుకొందాము. ప్లేఆఫ్ గీటు మీద ఒక ఆట విలువ ఎంతో పై పట్టికయే చెప్పుతుంది. ఈ ఒక్క ఆటను గుర్తించుటకు ఎంత కాలం కావలె? ఏడాదికి 1.87 ఆటల ఒడిదుడుకు ఉన్నది. ఏండ్ల సంఖ్య పెరిగిన కొలది సగటులోని ఒడిదుడుకు ఆ సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది. అది అర ఆటకు దిగితేగాని ఒక ఆట తేడాను నమ్మకంగా చెప్పలేము. లెక్క కట్టితే 14 సంవత్సరాలు వస్తుంది! మొత్తం 196 ఆటలు. బాస్కెట్‌బాల్‌లో అన్ని ఆటలు రెండున్నర ఏండ్లలోపే పూర్తి అవుతాయి. క్రికెట్‌లో ఒక కోచ్‌కు 14 ఏండ్లు ఇచ్చే యజమాని ఎక్కడ?

తెలివిగా లెక్కించి ఈ కాలాన్ని తగ్గించలేమా అని అడుగవచ్చును. దానికి జవాబు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లోనే ఇచ్చినారు. ఒక పరిమాణం గల సమాచారంనుంచి ఇంతకంటె నిక్కచ్చిగా అంచనా కట్టుట సాధ్యం కాదు అనే హద్దును ఆయన నిరూపించినారు. గెలుపు ఓటముల లెక్కకు ఆ హద్దు సరిగా పైన మనము వాడిన కొలతయే. దానిని దాటవలెనంటే ఒకటే మార్గం: గెలుపు ఓటములను కాక, వాటికంటె ఎక్కువ సమాచారమిచ్చే విషయాలను చూడవలె. పరుగుల తేడా, ఒక్కొక్క ఆటగాడు కోచ్ రాకముందు, వచ్చిన తరువాత ఎట్లు ఆడినాడు, వేలంలో ఎవరిని ఎంతకు ఎన్నుకొన్నారు, ఎవరిని ఏ స్థానంలో నిలిపినారు – ఇవి అడుగవలసిన ప్రశ్నలు. కోచ్ పని చాలావరకు ప్లేఆఫ్ రాకముందే, జనం చూడనిచోట ముగుస్తుంది.

తరగతి గదిలో ఒక ప్రయోగం

ఉపాధ్యాయులు దీనిని ఒక పీరియడ్‌లో చూపవచ్చును. నలుబది మంది విద్యార్థులు తలా 14 సార్లు నాణెము ఎగురవేసి బొమ్మలు లెక్క వ్రాయవలె. ముగ్గురు నలుగురికి నాలుగో అంతకు తక్కువో వస్తాయి. అందరికంటె తక్కువ వచ్చిన పదిమందిని ముందుకు పిలవండి. వారిలో అయిదుగురికి తలా ఒక ‘కోచ్’ను ఇవ్వండి, అతడు ప్రక్కన నిలిచి ప్రోత్సహించవలె. మిగిలిన అయిదుగురిని వారి మానాన విడువండి. మళ్లీ ఎగురవేయించండి. కోచ్ ఉన్న అయిదుగురి సగటు ఏడు దగ్గరకు ఎక్కుతుంది. తరగతి చప్పట్లు కొట్టుతుంది. అప్పుడు రెండవ అయిదుగురి సగటు చదవండి. అదీ ఏడు దగ్గరకే ఎక్కి ఉంటుంది. ఈ రెండవ గుంపుకే పోలిక గుంపు అని పేరు. అది లేనిదే ఏ మందు గుణమూ, ఏ కోచ్ గుణమూ తేలదు.

ఈ పాఠం ఆటస్థలంతో ఆగదు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేనియల్ కానెమాన్ ఇజ్రాయెల్‌లో విమాన శిక్షకులకు పాఠం చెప్పుచుండగా ఒకాయన లేచి, ‘బాగా చేసినవానిని మెచ్చుకొంటే తరువాత చెడగొట్టుతాడు, చెడగొట్టినవానిని తిట్టితే బాగుపడుతాడు’ అన్నాడట. అది తిట్టు మహిమ కాదు, ప్రతిగమనమేనని కానెమాన్ గ్రహించినాడు. మన బడులలోనూ ఇదే జరుగుతుంది. యూనిట్ పరీక్షలో ఒకసారి అతి తక్కువ మార్కులు వచ్చిన పిల్లవానిని దండిస్తాము, మరుసటి పరీక్షలో కొంత పెరుగుతవి, దండన పనిచేసినదనుకొంటాము. ఒక ఏడు పదవ తరగతి ఫలితాలు తగ్గిన బడిలో ఉపాధ్యాయుని నిందిస్తాము. మరుసటి ఏడు పెరిగితే నిందయే మందనుకొంటాము. ముప్పది మంది పిల్లలున్న చిన్న బడిలో ముగ్గురు తప్పితే నూటికి పది తగ్గుతుంది. ఆ ముగ్గురు ఎందుకు తప్పినారో, ఒకనికి ఇంట జబ్బు చేసినదేమో, మరొకడు సాయంత్రాలు పనికి పోతున్నాడేమో అడిగినవారుండరు.

కోచ్‌కు ప్రభావం లేదని గాని, ఉపాధ్యాయునికి లేదని గాని దీని అర్థం కాదు. లేకర్స్ కథ చూచితిమి గదా. ప్రభావం ఉన్నది, అయితే అది ఒక ఏడాది ఫలితంలో కనబడేంత బిగ్గరగా మాట్లాడదు. దానిని వినుటకు ఓపికతో అనేక సంవత్సరాల లెక్క, పోల్చి చూచుటకు మరొక గుంపు, మారినవాటినన్నింటిని విడదీసే జాగ్రత్త కావలె.

ఈసారి ఉప్పల్‌లో జట్టు ఓడిన మరునాడు టీ దుకాణంలో తీర్పు వినబడినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఇవి ఎన్ని ఆటల లెక్క? కోచ్‌తో పాటు ఇంకేమి మారినది? ఏమీ మార్చకపోతే ఏమయ్యేది? ఈ మూడింటికీ జవాబు చెప్పగలవాని తీర్పునే నమ్మండి.